కళింగసీమలో పోరిన స్త్రీలు

కళింగపట్నము ఒకప్పుడు ఓడల రేవు. వంశధార సముద్రమున గలియుచోట నున్న యీ యూర నేడు దీపస్తంభమును, దర్గాయు, చేపల పడవలును గానవచ్చును. ఏటి గట్టు వెంబడి యెగువకు బోయినచో శాలిహుండము కొండపై బౌద్ధస్తూపముల శిథిలములు గలవు. ఇచ్చట నిలిచినవారికి కళింగయుద్ధము తలపునకు రాకుండదు. లక్షమంది హతులైరనియు, లక్షయేబదివేలమంది చెరగొనిపోబడిరనియు, అంతకు పెక్కురెట్లు మరణించిరనియు అశోకుడు తన పదుమూడవ శిలాశాసనమున లెక్క చెప్పించెను. ఆ శాసనము కళింగమున మాత్రము చెక్కింపబడలేదు. ధౌళి, జౌగడలలో దానికి మారుగా వేరు శాసనములు గలవు. ఇంత లెక్క చెప్పిన చక్రవర్తి, ఆ చచ్చినవారిలో, చెరబడినవారిలో స్త్రీలెందరో చెప్పలేదు. తరువాతి చరిత్రకారులును అడుగలేదు.

లెక్కలలో లేని స్త్రీలు కథలలో నున్నారు. బొబ్బిలి కథ వినని తెలుగుకుటుంబ మరుదు. 1757 జనవరి 24వ తేదీన ఫ్రెంచి సేనాని బుస్సీయు, విజయనగరపు విజయరామరాజును బొబ్బిలికోటను ముట్టడించిరి. కోట నిలువదని తేలగానే లోని పురుషులే తమ యిండ్లకు నిప్పుపెట్టి, మంటలకు వెఱచి వెలికి వచ్చిన ఆడవారిని, పిల్లలను పొడిచి చంపిరని ఓర్మె యను ఆంగ్ల చరిత్రకారుడు వ్రాసెను. బుడగజంగాలు ఈ ఘట్టము పాడునప్పుడు మన తాతలు కన్నీరు గార్చిరి, మేమును గార్చితిమి. తాండ్ర పాపారాయని శౌర్యమును శంకించుట మా యుద్దేశము గాదు. కాని ఆ కోటలో ఆయుధములు గలవు, వాని బట్టగల చేతులును గలవు. చత్తువా, పోరుదువా యని ఆ స్త్రీల నెవరైన నడిగిరా? మానరక్షణ మను పేర వారి మరణమును ఇతరులు నిర్ణయించిరి. దానిని వీరమరణ మనుటకు మాకు నోరు రాదు.

నూటయెనుబది యేండ్లకు పైగా గడచినపిమ్మట, ఇదే సీమలో, తన నిర్ణయము తానే చేసికొన్న యొక స్త్రీ కనబడుచున్నది. మందస జమీందారీలో గుడారి రాజమణిపుర మను చిన్న పల్లె. అడవిలో కట్టె గొట్టుకొను హక్కు తమదని రైతులును, గాదని జమీందారును వాదులాడుచుండిరి. వంటచెఱకునకు, నాగలికి, ఇంటి దూలమునకు అడవియే గతి. వంటచెఱకు తెచ్చుట ఏ పల్లెలోనైన ఆడవారి పనియే గదా. అడవి మూతబడినచో ముందుగా ఆరునది పొయ్యి. కావున ఈ తగవు జమీందారునకును మగరైతునకును మాత్రమే సంబంధించినదని తలచుట పొరపాటు. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగెను. ఆ వేడి చల్లారకమునుపే రైతులు అడవి కేగి కట్టె గొట్టి తెచ్చుకొనిరి. వారిని పట్టుకొనుటకు పోలీసులు వచ్చిరి. ఏప్రిలు 1వ తేదీన సాసుమాన గున్నమ్మ ముందు నిలిచి అడ్డగించెను. పోలీసులు కాల్చిరి. ఆమెయు, మఱికొందరు రైతులును ప్రాణములు గోల్పోయిరి. వీరగున్నమ్మ యని నేటికిని ఆ ప్రాంతమువా రామెను తలచుకొందురు. ఆమె యే సేనలోను పేరు వ్రాయించుకొన్నది గాదు; ఊరివారు ఆమె వెనుక నిలిచిరి, అంతియే. ఎనిమిదేండ్లకు, 1948లో, జమీందారీలను రద్దుచేయు చట్టము మద్రాసు శాసనసభ గావించెను.

ఇక చెప్పబోవునది యింతకంటె చిక్కైన కథ. 1967 అక్టోబరు 31వ తేదీన మొండెంఖల్లులో జరుగు గిరిజన సభకు పోవువారిని లేవిడి యొద్ద భూస్వాముల మనుష్యు లడ్డగించిరి. కాల్పులలో కోరన్న, మంగన్న యను నిరువురు గిరిజనులు చనిపోయిరి. అటుపిమ్మట మూడేండ్లు శ్రీకాకుళపు కొండలలో సాయుధ పోరాటము జరిగెను. భూస్వాములను, వడ్డీవ్యాపారులను దళములు చంపెను. పోలీసుల చేతులలో పెక్కురు మడిసిరి. ఎదురుకాల్పులని ప్రకటింపబడినవానిలో కొన్ని పట్టుకొని చంపినవే యని నాడే ఆరోపణలు వచ్చెను. హత్యను, అది యెవరు చేసినను, మేము మెచ్చము. కాని చరిత్ర వ్రాయువానికి కన్నులు మూసికొను హక్కు లేదు. ఆ దళములలో స్త్రీలుండిరి. పంచాది నిర్మల భర్త కృష్ణమూర్తి 1969 మేలో పోలీసులచే చంపబడెను. ఆమె యిల్లు చేరక దళముననే యుండి, అదే యేడు డిసెంబరులో రంగమటియా కొండలలో సుబ్బారావు పాణిగ్రాహితోపాటు మరణించెను. ఆమె తెగువకు పతిభక్తిని కారణముగా జెప్పుట మాకు రుచింపదు. పురుషుడు అడవి పట్టినచో సిద్ధాంత మందుము. స్త్రీ పట్టినచో భర్త పేరు చెప్పుదుము. ఉగ్రవాది యని నిందించువారును, వీరవనిత యని కీర్తించువారును ఈ యొక్క విషయమున నేకమగుదురు. ఆమె మార్గము తప్పని తలచువారైనను, ఆ తప్పు ఆమెదే యని యొప్పుకొనవలయును గదా.

బ్రతికి తిరిగివచ్చినవారి మాట యేమి? తెలంగాణమున 1946 మొదలు 1951 వరకు జరిగిన సాయుధ పోరాటములో మల్లు స్వరాజ్యము వంటివారు తుపాకి బట్టి దళములను నడపిరి. ఆ స్త్రీల నోటిమాటలను స్త్రీశక్తి సంఘటనవారు సేకరించి 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ యను పేర ప్రకటించిరి. తుపాకి దింపగానే మీరిక నిండ్లకు పొండని తమను పంపివేసిరని అందు పలువురు నొచ్చుకొనిరి. అడవిలో సమానురాలు, ఊరిలో వంటయింటిది! సంస్కారపక్షమువారము మనము ఈ గ్రంథమును మన యిండ్లలో చదువవలసి యున్నది.

ప్రభుత్వసేన సంగతియు వేరుగా లేదు. 1992లో స్త్రీలను కొన్ని శాఖలలో కొద్దికాలపు కొలువునకు మాత్రమే అధికారిణులుగా దీసికొనిరి. శాశ్వత కొలువునకై వారు న్యాయస్థానముల కెక్కిరి. పల్లెటూళ్లనుండి వచ్చిన జవాన్లు స్త్రీల యాజ్ఞను స్వీకరించుటకు ఇంకను మానసికముగా సిద్ధముగా లేరని ప్రభుత్వము వాదించెను. 2020 ఫిబ్రవరి 17వ తేదీన సుప్రీముకోర్టు ఆ వాదమును త్రోసిపుచ్చి వారికి శాశ్వత కొలువు నిప్పించెను. ఉత్తరాంధ్రమునుండి సేనలో చేరు పల్లెటూరి పిల్లలు పెక్కురు. వారిలో నెవరికి ఈ ప్రశ్న వేసి తెలిసికొనిరో మే మెరుగము. గుడారి రాజమణిపురపు రైతుల నడిగియుండిన నేమి చెప్పియుందురో ఊహింపగలము. 2022లో నేషనల్ డిఫెన్సు అకాడమీలో బాలికలు మొదటిసారి చేరిరి. 2025 మేలో వారిలో 17 మంది చదువు ముగించుకొని వెలికి వచ్చిరి.