సొలెంట్ చలినీళ్లలో రెండుసార్లు దొరికిన ఓడ

ఇంగ్లండ్ దక్షిణ తీరానికీ వైట్ ద్వీపానికీ మధ్య ఉన్న ఇరుకు సముద్రాన్ని సొలెంట్ అంటారు. అందులో పోర్ట్స్‌మౌత్ రేవుకు ఎదురుగా ఉన్న భాగం స్పిట్‌హెడ్. అక్కడ పగడపు దిబ్బలు లేవు, రంగురంగుల చేపల గుంపులు లేవు. శీతాకాలంలో నీళ్లు పది డిగ్రీల లోపుకు చల్లబడతాయి. ఆటుపోట్లు అడుగు బురదను కలిపేశాయంటే మునిగినవాడికి తన చెయ్యే తనకు కనపడదు. బ్రిటన్‌లో డైవింగ్ విద్య ఎదిగింది ఇలాంటి నీళ్లలోనే.

దాని తొలి పరికరం మంటలార్పే పని కోసం పుట్టింది. పొగ కమ్మిన చోట్లకు వెళ్లేందుకు 1823లో చార్లెస్ డీన్ ఒక రాగి శిరస్త్రాణానికి పేటెంటు తీసుకున్నాడు. బయటినుంచి తిత్తితో కొట్టిన గాలి గొట్టం గుండా లోపలికి వచ్చేది. కొన్నేళ్లకు చార్లెస్, అతని సోదరుడు జాన్ దాన్నే నీటి పనికి మలిచారు. అయితే శిరస్త్రాణం అడుగు తెరిచే ఉండేది. డైవరు బాగా వంగినా, జారిపడినా నీళ్లు లోపలికి వచ్చేవి. లండన్‌లో స్థిరపడిన జర్మన్ పనిమంతుడు ఆగస్టస్ సీబ్ 1830ల చివర్లో శిరస్త్రాణాన్ని నీరు చొరని సూటుకు బిగించి ఆ లోపం తీర్చాడు.

చేయడానికి పని స్పిట్‌హెడ్‌లోనే ఉంది. 1782లో లంగరు మీద ఉండగానే మునిగిపోయిన రాయల్ జార్జ్ యుద్ధనౌక అక్కడి ఓడలకు అడ్డుగా పడి ఉంది. డీన్ సోదరులు దాని ఫిరంగులు పైకి తీసిన కొద్దికాలానికే, 1836లో, జాలర్లు మరో సంగతి చెప్పారు. తమ వలలు అడుగున ఇంకెక్కడో దేనికో చిక్కుకుంటున్నాయని. జాన్ దిగి చూస్తే బురదలోంచి పాత దూలాలు పొడుచుకొచ్చి ఉన్నాయి. పైకి తెచ్చిన కంచు ఫిరంగితో ఓడ ఏదో తేలింది. అది మేరీ రోజ్. 1545 జులై 19న ఫ్రెంచి నౌకలతో పోరులో, సౌత్‌సీ కోట నుంచి ఎనిమిదో హెన్రీ రాజు చూస్తుండగానే మునిగిన ఓడ. 1840 నాటికి డీన్ ఆ పని విరమించాడు. దూలాలను బురద మళ్లీ కప్పేసింది, ఓడ ఉన్న చోటును లోకం మరిచిపోయింది.

రాయల్ జార్జ్ శిథిలాలను తొలగించే పని 1839లో సైనిక ఇంజనీరు చార్లెస్ పాస్లీ చేతికి వెళ్లింది. డైవర్లు ఇద్దరిద్దరుగా దిగాలన్న పద్ధతి అక్కడే మొదలైంది. నేటి క్లబ్బుల జోడీ నియమానికి మూలం అదే.

ఆ తర్వాత వందేళ్లకు పైగా డైవింగ్ కూలి తీసుకుని చేసే కష్టపు పనిగానే ఉండిపోయింది. 1943లో ఫ్రాన్సులో కుస్తో, గన్యాన్ తయారుచేసిన ఆక్వాలంగ్ దాన్ని మామూలు జనానికి అందించింది. 1953 అక్టోబరులో ఆస్కార్ గూగెన్, పీటర్ స్మాల్ లండన్‌లో బ్రిటిష్ సబ్-ఆక్వా క్లబ్ స్థాపించారు. ఊరూరా శాఖలు వెలిశాయి, శిక్షణ ఈతకొలనుల్లో సాగింది.

అసలు శత్రువు చలి. నీరు ఒంటి వేడిని గాలికన్నా దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. తొలి తరం వాళ్లు ఉన్ని స్వెటర్ల మీద నౌకాదళపు మిగులు సరుకులో దొరికిన రబ్బరు సూట్లు తొడిగేవాళ్లు. తర్వాత నియోప్రీన్ వచ్చింది. అందులోని సన్నని బుడగలు వేడిని పట్టి ఉంచుతాయి. లోతుకు వెళ్లేకొద్దీ ఆ బుడగలు నలిగి సూటు పలచబడుతుంది, చలి మళ్లీ తెలుస్తుంది. చాలామంది నియోప్రీన్ షీట్లు కొని ఇంట్లోనే కత్తిరించి, జిగురుతో అతికించి సూట్లు చేసుకున్నారు.

అలాంటి క్లబ్బు సభ్యులే 1965లో మేరీ రోజ్ కోసం వెతకడం మొదలుపెట్టారు. వాళ్లను నడిపించినవాడు రచయిత, చరిత్రకారుడు అలెగ్జాండర్ మెకీ. సౌత్‌సీ శాఖ డైవర్లు సెలవు రోజుల్లో పడవలేసుకుని వెళ్లేవాళ్లు. మరుసటి ఏడాది దొరికిన 19వ శతాబ్దపు నౌకాదళ పటం ఓడ ఉన్న చోటును సూచించింది. అమెరికన్ శాస్త్రవేత్త హెరాల్డ్ ఎడ్జర్టన్ రూపొందించిన సోనార్ బురద కింద ఏదో పెద్ద ఆకారం ఉందని చూపింది. పాత ఓడలను కాపాడే చట్టం అప్పటికి లేదు. అందుకని దోపిడీదారులు రాకుండా వాళ్లు ఆ సముద్రపు అడుగునే ఏడాదికి ఒక పౌను అద్దెకు తీసుకున్నారు.

1971 మే 5న డైవర్ పెర్సీ అక్లండ్‌కు బురదలో వరసగా ఓడ పక్కటెముకలు కనిపించాయి.

పాత ఓడల రక్షణ చట్టం 1973లో వచ్చింది, మరుసటి ఏడాది మేరీ రోజ్‌కు దాని రక్షణ దక్కింది. తవ్వకాలకు సారథ్యం వహించిన పురావస్తు నిపుణురాలు మార్గరెట్ రూల్ ఓడను కళ్లారా చూసేందుకు నలభై దాటాక డైవింగ్ నేర్చుకున్నారు. 1979 నుంచి 1982 దాకా దాదాపు 500 మంది స్వచ్ఛంద డైవర్లు 28,000 సార్లకు దరిదాపుగా మునిగారు. ప్రాణవాయువు సోకని బురద ఎన్నిటినో చెడకుండా దాచి ఉంచింది. వైద్యుడి మందుల పెట్టె, నిలువెత్తు విల్లులు, వేల బాణాలు, ఒక కుక్క ఎముకలు బయటపడ్డాయి. 1982 అక్టోబరు 11న ఓడ మిగిలిన భాగం నీటిపైకి వచ్చింది. కోట్లమంది దాన్ని టీవీలో చూశారు.

సముద్రగర్భ పురావస్తు శాస్త్రం బ్రిటన్‌లో వేళ్లూనుకోవడంలో విశ్వవిద్యాలయాల కన్నా ముందు అడుగు వేసింది ఈ క్లబ్బు సభ్యులే. ఆ ఘనత వాళ్లకు దక్కాలి. ఓడ ఇప్పుడు పోర్ట్స్‌మౌత్ మ్యూజియంలో ఉంది. అది మునిగిన చోటు నేటికీ చట్టరక్షణలోనే ఉంది. లైసెన్సు లేకుండా అక్కడ ఎవరూ మునగకూడదు.