సారథి పీఠం: తెలుగు సినిమాలో కారు, లారీ – భారతకథ వారసత్వం

వ్యాససంగ్రహం

సినిమాలోని పాత కార్లు, లారీలు సాధారణంగా అలంకరణ సామగ్రిగానే చర్చకు వస్తాయి. వాటిని నడిపే మనిషికి తెలుగు సినిమా ఇచ్చిన స్థానాన్ని భారతకథలోని రథి-సారథి సంబంధం ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 1961 నుంచి 2024 వరకు వచ్చిన కొన్ని చిత్రాలు, 1982 నాటి చైతన్యరథం ఇందుకు ఆధారాలు.

కీలకపదాలు: సారథ్యం, సూతుడు, టాక్సీ, లారీ, చైతన్యరథం, కర్ణుడు.

1. ప్రవేశిక

మౌలాలి నుంచి తార్నాక మీదుగా విశ్వవిద్యాలయానికి వచ్చే దారిలో లారీలు కనిపించని రోజు ఉండదు. ఒకసారి ఎం.ఎ. తరగతిలో కర్ణపర్వం చెబుతుండగా ఒక విద్యార్థి లేచి, "చక్రం కుంగితే దిగి లేపవలసింది సారథి కదా సార్, కర్ణుడెందుకు దిగాడు?" అని అడిగాడు. అతని తండ్రి లారీ డ్రైవరు. టైరు పంక్చరైతే ఎవరు దిగుతారో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. శల్యుడు దిగలేదని చెప్పి పాఠం కొనసాగించాను గాని, ఆ సమాధానం నాకే చాలలేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్న నుంచి పుట్టింది.

2. ఒకే పీఠం, రెండు విలువలు

భారతకథలో సారథ్యానికి రెండు విలువలున్నాయి. కృష్ణుడు కోరి పగ్గాలు పట్టి పార్థసారథి అయ్యాడు. అది ఆయనకు బిరుదు. కర్ణుడు సూతుని ఇంట పెరిగాడు. అస్త్రవిద్యా ప్రదర్శన వేళ అతని తండ్రి అధిరథుడు రాగానే, నీకు తగినది ఆయుధం కాదు, కొరడా అని భీముడు ఎత్తిపొడుస్తాడు. పని ఒక్కటే, చేసే మనిషి పుట్టుకను బట్టి అది గౌరవమో అవమానమో అవుతోంది. సాయానికి వచ్చి మనసు విరిచే వాడిని నేటికీ 'శల్యసారథ్యం' అనే మాటతోనే చెప్పుకుంటున్నాం. రాజైన శల్యుడు సూతపుత్రునికి సారథి కావడాన్ని అవమానంగా భావించాడన్న కథ ఆ నుడికారం వెనుక ఉంది.

తెలుగు సినిమా మొదట పౌరాణికాలతో పెరిగింది. రథాన్ని తెరమీద చూసిన ప్రేక్షకుడే తరువాత కారును, లారీని చూశాడు. దర్శకులు ప్రతిసారీ భారతాన్ని తలచుకునే వాహన సన్నివేశాలు తీశారని ఈ వ్యాసం వాదించడం లేదు. ప్రేక్షకునికి ముందే తెలిసిన ఆ కథ, డ్రైవరు పాత్రను అర్థం చేసుకునే పద్ధతిని సిద్ధం చేసి ఉంచిందన్నదే ప్రతిపాదన.

3. టాక్సీ నుంచి లారీకి

1960లలో దేశంలో ప్రధానంగా మూడు సంస్థల కార్లే తయారయ్యేవి: ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్, బొంబాయిలో ప్రీమియర్, మద్రాసులో స్టాండర్డ్. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాపై 1957లో వచ్చిన అంబాసిడర్ 2014 దాకా ఉత్పత్తిలో ఉంది. కారు కొనడం సామాన్యునికి అందని రోజుల్లో తెరమీది కారు అంతస్తుకు గుర్తు. ఆ కారులో వెనుక సీటు యజమానిది, ముందు సీటు జీతగానిది.

1961లో వచ్చిన 'టాక్సీ రాముడు'లో కథానాయకుడు ఎన్.టి. రామారావు కూర్చున్నది ఆ ముందు సీటులోనే. చిత్రం పేరే గమనించదగినది. పురాణపురుషుని నామానికి ముందు ఒక వృత్తి చేరింది. అయినా టాక్సీలో వెనుక సీటు మిగిలే ఉంటుంది. డబ్బిచ్చి ఎక్కిన ప్రతివాడూ ఆ కాసేపు రథియే.

లారీతో ఈ అమరిక మారుతుంది. 1954లో టెల్కో జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్ సహకారంతో లారీల తయారీ మొదలుపెట్టింది. మద్రాసు సమీపంలోని ఎన్నూరులోని అశోక్ మోటార్స్ 1955లో అశోక్ లేలాండ్ అయింది. సరుకు రవాణా రహదారి పట్టే కొద్దీ లారీ డ్రైవరు ఊరూరా పరిచయమైన మనిషి అయ్యాడు. లారీలో వెనుక సీటు లేదు. యజమాని ఎక్కడో ఉంటాడు. డ్రైవరు పక్కన ఉండేది క్లీనరు. దారిలో నిర్ణయాలు డ్రైవరువే, ఆపదలూ అతనివే. అంటే లారీ రథి లేని రథం. కె. రాఘవేంద్రరావు దర్శకత్వంలో 1979లో వచ్చిన 'డ్రైవర్ రాముడు' నాయకుడు, బి. గోపాల్ దర్శకత్వంలో 1990లో వచ్చిన 'లారీ డ్రైవర్' నాయకుడు బాలకృష్ణ ఈ స్వేచ్ఛకు వారసులు.

'డ్రైవర్ రాముడు'కు రెండేళ్ల ముందు, 1977లో, రామారావు స్వీయ దర్శకత్వంలో 'దానవీరశూరకర్ణ' వచ్చింది. అందులో ఆయన ధరించిన మూడు పాత్రలలో కర్ణుడు, కృష్ణుడు ఉన్నారు. సారథ్యం వల్ల అవమానం పొందినవాడు, సారథ్యంతో పూజ్యుడైనవాడు ఒకే నటుని దేహంలో కలిశారు. ఆ తరువాత అదే నటుడు లారీ స్టీరింగు పట్టినప్పుడు ప్రేక్షకునికి ఆ రెండు స్మృతులూ అందుబాటులోనే ఉన్నాయి.

4. చైతన్యరథం

1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీని ప్రకటించిన రామారావు, పాత షెవర్లే వ్యానును మార్పించి రాష్ట్రమంతా తిరిగారు. దానికి 'చైతన్యరథం' అని పేరు. మోటారు వాహనం రథమని పిలిపించుకున్నది ఇక్కడ. ఖాకీ దుస్తులు మాత్రం శ్రామికునివి. 1983 జనవరిలో ఆయన ముఖ్యమంత్రి అయ్యారు.

అయితే ఈ ప్రయాణంలో ఒక స్థానభ్రంశం ఉంది. తెరమీద స్టీరింగు వెనుక కూర్చున్న నాయకుడు ఇక్కడ వాహనం పైకెక్కి ప్రసంగించాడు. సారథి రథి అయ్యాడు. నడిపినది కుమారుడు హరికృష్ణ. ఆ సారథి పేరు చరిత్రకు తెలియడానికి బంధుత్వం, ఆపై ఆయన సొంత జీవితం తోడ్పడ్డాయి. ఇతర ప్రచార వాహనాలను నడిపిన డ్రైవర్లకు ఆ అవకాశం లేదు. పైకెక్కినవాని ఛాయాచిత్రం మిగులుతుంది. లోపల ఉన్నవాడు అద్దం వెనుకే ఉండిపోతాడు.

5. వాహనానికి గొంతు రావడం

ఇటీవలి చిత్రాలలో వాహనమే పాత్ర అయింది. 2018లో రాహుల్ సంకృత్యాన్ తీసిన 'టాక్సీవాలా'లో చదువుకున్న నిరుద్యోగి పాత కాంటెస్సా కారు కొని హైదరాబాదులో టాక్సీ నడుపుతాడు. 2002లోనే ఉత్పత్తి ఆగిపోయిన ఆ కారును ఆత్మ ఆవహించి ఉంటుంది. పగ్గాలు పట్టినవాడికి బండిమీద అదుపు లేదు.

2024లో నాగ్ అశ్విన్ 'కల్కి 2898 ఎ.డి.'లో 'బుజ్జి' అనే వాహనం మాట్లాడుతుంది. కోయంబత్తూరులో నిర్మించిన ఈ వాహనానికి గొంతునిచ్చినది కీర్తి సురేశ్. దాన్ని నడిపే భైరవుడు చివరికి కర్ణుడేనని తెలుస్తుంది. సూతపుత్రుడు మళ్లీ వాహనం ముందు సీటులోకి వచ్చాడు. కానీ ఈసారి అతని పక్కన మనసు విరిచే శల్యుడు లేడు, దారిపంచుకునే క్లీనరూ లేడు. మనిషి చేసే తోడును యంత్రం చేస్తోంది.

6. ముగింపు

తెలుగు సినిమా చరిత్రలో నటులు, గేయకర్తలు, సంగీత దర్శకుల వివరాలు నమోదయ్యాయి. ఏ చిత్రంలో ఏ వాహనం వాడారు, నంబరు పలకపై ఏ రాష్ట్రపు అక్షరాలున్నాయి, చిత్రీకరణలో దాన్ని ఎవరు నడిపారు అన్న వివరాలకు ఆ శ్రద్ధ దక్కలేదు. పాత బండ్లు తుక్కుగా మారుతున్న ఈ కాలంలో వాటి నడక మిగిలేది తెరమీదనే. వాటిని జాబితా చేసేటప్పుడు నడిపినవారిని కూడా నమోదు చేయకపోతే, అధిరథుణ్ని మరోసారి సభలోంచి పంపించినట్టే.

ఇక ఆ విద్యార్థి ప్రశ్న. కర్ణుడు తానే దిగి చక్రం పట్టడాన్ని నిస్సహాయతగానే చెప్పుకుంటూ వచ్చాం. రథం కుంగితే దిగాలన్న ఎరుక అధిరథుని ఇంట పెరిగినవానికి ఉండడం సహజం. ఆ క్షణంలో అతడు రథి ధర్మాన్ని వదిలి తండ్రి వృత్తిని తలకెత్తుకున్నాడని కూడా చదవవచ్చు. ఈసారి ఆ పాఠం చెప్పేటప్పుడు ఈ సమాధానంతో మొదలుపెడతాను.