పిల్లల పేర కొన్న ఇల్లు

ఇల్లు ఎవరి పేర కొనాలన్న చర్చ రాని సంసారం ఉంటుందా, చెప్పండి! అమెరికాలో ఒక తండ్రికి మాత్రం వేరే దారి లేక ముగ్గురు పిల్లల పేర కొనవలసి వచ్చింది.

కాలిఫోర్నియాలో కమలాతోటలకు పేరుపడ్డ రివర్‌సైడ్ పట్టణం. అక్కడ జూకిచి హరాడా, ఆయన భార్య కెన్ అనే జపాను దంపతులు చిన్న హోటలు నడిపేవారు. ఇరుకు అద్దెగదుల్లో ఉండగా డిఫ్తీరియాతో ఒక కొడుకు పోయాడు. గాలీ వెలుతురూ ఉన్న ఇల్లు కావాలనుకున్నారు. కాని 1913 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం పౌరసత్వానికి అనర్హులైన పరదేశీయులు భూమి కొనరాదు. జపానువారు అనర్హులు. (తరువాత మన పంజాబీ రైతులకూ ఇదే అడ్డుపడింది.) పిల్లలు అక్కడ పుట్టినవారు గనుక పౌరులే. అందుచేత 1915 డిసెంబరులో లెమన్ వీధిలోని ఇంటిని 1,500 డాలర్లకు మీనే, సుమి, యోషిజోల పేర కొన్నారు.

ఇరుగుపొరుగులు ఊరుకుంటారా? డబ్బిస్తాం, వెళ్లిపొమ్మన్నారు. వెళ్లకపోతే 1916లో రాష్ట్రం చేత దావా వేయించారు. 1918లో జడ్జి హ్యూ క్రెయిగ్ పిల్లల హక్కును నిలబెట్టాడు. చట్టం మాత్రం పోలేదు సుమండీ, 1952లో గాని కొట్టివేయలేదు!

1942లో యుద్ధం పేరిట ఆ కుటుంబాన్ని నిర్బంధ శిబిరాలకు తరలించారు. వెళ్లేనాడు చిన్నకొడుకు పడకగది గోడమీద తేదీ, వేళ రాసి మరీ వెళ్లాడు. తల్లిదండ్రులిద్దరూ యూటాలోని టోపాజ్ శిబిరంలోనే కన్నుమూశారు. ఒక స్నేహితుడు కనిపెట్టుకుని ఉండబట్టి ఇల్లు దక్కింది. సుమి తిరిగొచ్చి, శిబిరాల నుంచి వచ్చి నిలువనీడ లేనివారికి అందులో గదులిచ్చింది. 1998 దాకా అక్కడే కాపురముంది.

ఇప్పుడా ఇల్లు పట్టణానిది. కర్ర కట్టడం, బాగా బలహీనపడింది. 2020లో జాతీయ పరిరక్షణ సంస్థ ప్రమాదంలో ఉన్న చారిత్రక స్థలాల జాబితాలో చేర్చింది. అటువంటి ఇంట్లోకి బడిపిల్లల్ని గుంపుగా తోలితే గోడమీది ఆ రాత ఎన్నాళ్లుంటుంది? అందుకే పక్కనున్న రాబిన్సన్ వారి ఇంటిని వివరణ కేంద్రం చేయాలని సంకల్పించారు. విచిత్రం చూడండి, ఒకప్పుడు హరాడాలు రాకూడదన్న పొరుగువారిలో ఆ ఇంటివారూ ఉన్నారు.

డబ్బు సంగతే చిక్కు. పట్టణం ఖజానా ఒక్కటీ చాలక, దీనికోసం ఒక ఫౌండేషన్ వెలసి విరాళాలు పోగుచేస్తోంది. నా మటుకు నాకు పాత ఇంటికి చందా దొరకడం అంత కష్టం కాదనిపిస్తుంది. పునాది, కప్పు కంటికి కనిపిస్తాయి. అక్కడ కూర్చుని కథ చెప్పే మనిషి జీతం, కరెంటు బిల్లు ఏటేటా ఎవరిస్తారు? పట్టణం తన బడ్జెట్టులో శాశ్వతంగా పద్దు వేయాల్సింది దానికే అంటాను.

ఆ దేశంలో ఇవాళ మన ఆడపిల్లలెందరో సొంత పేర్న ఇళ్లు కొనుక్కుంటున్నారు. మీ అమ్మాయి ఆ వైపు ఉంటే ఒకసారి చూసిరమ్మనండి. రివర్‌సైడ్ లాస్ ఏంజెలెస్‌కు తూర్పున ఉంది, కారులో గంట, గంటన్నర ప్రయాణం.