ధర్మయుద్ధము – మతయుద్ధము: రేకపల్లి సాక్ష్యము

క్రైస్తవ మహమ్మదీయుల మధ్య జరిగిన శిలువ యుద్ధాలను ధర్మయుద్ధాలనడం పత్రికలలో పరిపాటి అయినది. శాస్త్రార్థం వేరు. భీష్మపర్వారంభంలో కౌరవపాండవులు చేసుకొన్న సమయం స్మరణీయం: రథికుడు రథికునితోనే పోరాడవలెను, పరాఙ్ముఖుని, ఆయుధం విడిచినవానిని, శంఖభేరీవాదకులను కొట్టరాదు. ఇచట ధర్మమన్నది యుద్ధవిధానానికి విశేషణం. శత్రువు ఏ దేవుని అర్చిస్తాడన్న విచారణయే అందులో లేదు.

శిలువ యుద్ధం పుట్టుక అందుకు భిన్నం. 1095లో క్లెర్మాంట్ సభలో రెండవ అర్బన్ పోప్ తూర్పుదేశయాత్రకు పిలుపునిచ్చి, యోధులకు ప్రాయశ్చిత్త విముక్తిని వాగ్దానం చేశాడు. యుద్ధమే తపస్సు అయినది! 1099లో యెరూషలేము పట్టుబడినప్పుడు మహమ్మదీయులు, యూదులు ఊచకోతకు గురియయ్యారు. 1187లో సలాహుద్దీన్ ఆ నగరాన్ని తిరిగి గెలిచి, విడుదలధనం తీసికొని పౌరులను పోనిచ్చాడు. చెల్లింపలేనివారు చాలమంది బానిసలయ్యారు. 1204లో శిలువధారులు కాన్‌స్టాంటినోపుల్‌ను, అనగా సాటి క్రైస్తవుల రాజధానినే, దోచుకొన్నారు.

1291లో అక్కా నగర పతనంతో ఆ యుద్ధాల ప్రధానఘట్టం ముగిసింది. పన్నెండేండ్లకు, 1303లో, అల్లావుద్దీన్ ఖిల్జీ సైన్యం ఓరుగంటిపైకి వచ్చి విఫలమైనది. 1310లో మాలిక్ కాఫర్ కప్పం గొనిపోయాడు. 1323లో ఉలుగ్ ఖాన్ కోటను వశపరచుకొన్నాడు. ఢిల్లీకి బందీగా కొనిపోబడుతూ ప్రతాపరుద్రుడు నర్మదాతీరాన దేహం చాలించాడని విలస శాసనం చెపుతున్నది.

ఆ శాసనాన్ని ఇచ్చినవాడు ముసునూరి ప్రోలయ నాయకుడు. అతని రాజధాని రేకపల్లి. భద్రాచలానికి దిగువన, గోదావరీతీరారణ్యాల నడుమ ఉన్నది, 2014 వరకు ఖమ్మం జిల్లాలోనిదే. కోట పోయినచోట అడవి కోటయైనది. ప్రోలయ వెన్నయార్యునికి విలస గ్రామాన్ని దానం చేస్తూ తన కాలపు దుఃస్థితిని తామ్రపత్రాలపై వ్రాయించాడు. అగ్రహారాల అపహరణం, దేవప్రతిమల భంగం, బ్రాహ్మణవధ, గోవధ, కర్షకుల ఫలసాయపు దోపిడి అందులో ఉన్నవి. ప్రశస్తికావ్యంలో అత్యుక్తి ఉండును. అయినా ఈ బాధ కల్పితం కాదు. అంతకన్న గమనింపదగినది ప్రోలయ విజయానంతరం చేసినదిగా శాసనం చెప్పేది: అగ్రహారాలను పునరుద్ధరించెను, యజ్ఞాలను నిలిపెను, రైతుల వద్ద ధర్మబద్ధమైన భాగమే గ్రహించెను. పరమతస్థుల నగరాలపై దండెత్తి పుణ్యం గడించాలన్న సంకల్పం అందులో కానరాదు. పోయినదానిని నిలబెట్టుకొనడమే అతని వ్రతం.

అయితే దీనిని కేవలం హిందూ మహమ్మదీయ సంగ్రామంగా చిత్రించుట కూడ సత్యమనిపించుకొనదు. ప్రోలయ తరువాతివాడైన కాపయ నాయకుడు సుమారు 1336లో ఓరుగల్లు నుండి తరిమిన అధికారి మాలిక్ మక్బూల్. ఇతడు తెలంగాణంలో పుట్టి మతం మారినవాడు, ఫిరోజ్ తుగ్లక్ కాలంలో ఢిల్లీ వజీరైనవాడు. అదే కాపయ 1347లో తుగ్లక్‌పై తిరుగబడిన బహమనీ వంశస్థాపకుడు హసన్‌కు తోడ్పడ్డాడు. ఆ స్నేహం నిలువలేదు. బహమనీ సేనలు అతనిపైకే వచ్చినవి; చివరకు గోల్కొండను విడువవలసి వచ్చింది, తుగ్లక్ కొరకు చేయించిన నీలిరాతి సింహాసనాన్నీ సమర్పింపవలసి వచ్చింది.

రాజ్యలోభానికి మతం అడ్డురాదని ముదిగొండకు అంతకుముందే తెలుసు. వేంగీచాళుక్యుల పక్షాన రాష్ట్రకూటులతో పోరాడిన ముదిగొండ చాళుక్యులను పదచ్యుతులను గావించినది ఏ తురుష్కసేనయో కాదు, కాకతీయులే. ఓరుగంటిని విడిపించిన కాపయ కథా అటువంటిదే. సుమారు 1368లో భీమవరం యుద్ధంలో అతనిని కూల్చినవారు రేచర్ల పద్మనాయకులు, తెలుగువారు, ఒకప్పుడు కాకతీయ సింహాసనాన్నే సేవించిన వంశమువారు.