సాంచల సప్పుట్లో శక్తిమాన్

ఆదివారం పగలు పన్నెండు. సిరిసిల్లలో మా మేనమామ ఇల్లు. ముందర్రలో బ్లాక్ అండ్ వైట్ టీవీ, వెనకర్రలో నాలుగు సాంచలు, నడుమ ఒక్క గోడ. మరమగ్గం అన్న మాట పేపర్లలోనే. ఊళ్లో దాన్ని సాంచ అనే అంటారు. నాలుగూ ఒక్కసారి ఆడుతుంటే పక్కవాడి చెవిలో నోరు పెట్టి అరవాలి. టీవీలో శక్తిమాన్ వేషంలో ముకేశ్ ఖన్నా వేలు పైకెత్తి గిర్రున తిరుగుతున్నాడు. పిల్లలమంతా కింద కూర్చుని అతని మూతి వంకే చూస్తున్నాం.

"ఏమంటున్నడ్రా?"

"ఏమో. కొడ్తడట!"

కరెంటు పోతే సాంచలు ఆగి ఇల్లంతా నిశ్శబ్దమయ్యేది. ఇప్పుడు మాట వినొచ్చు కదా అంటే, టీవీ కూడా ఆగిపోయేది. చివర్లో శక్తిమాన్ నిలబడి పిల్లలతో ఏదో చెబుతుంటే, "టాటా చెప్తుండు, ఇగ లేవుండ్రి" అనేవాడు మామ. మేమూ చేతులూపి లేచేవాళ్లం.

1997 సెప్టెంబరు 13న దూరదర్శన్‌లో మొదలైన 'శక్తిమాన్' 2005 మార్చి దాకా నడిచింది. సోడాబుడ్డి కళ్లద్దాల పండిత్ గంగాధర్ పత్రికాఫీసులో ఫొటోలు తీసుకుంటూ, ఆపదొస్తే శక్తిమాన్ అయ్యేవాడు. విలన్ డాక్టర్ జాకాల్‌కు ప్రయోగశాల ఉంది, హీరోకు మాత్రం కుండలిని. ఇదేం సైన్స్ ఫిక్షన్ అని పెదవి విరిచేవాళ్లుంటారు. అచ్చమైన సైన్స్ ఫిక్షనే కావాలంటే, ఎనభైల్లో ఇదే దూరదర్శన్ 'స్టార్ ట్రెక్' వేసింది. మా వాడకట్టులో దాని పేరెత్తినవాళ్లు నాకు ఇంతవరకు తగల్లేదు.

శక్తిమాన్ ఏం మాట్లాడతాడో నాకు తెలిసింది మా కోరుట్లలో, పక్కింటి ఖాలా దయవల్ల. ఆమెది బీడీల పని. ఒడిలో చాట, పక్కన నానబెట్టిన తునికాకు. రేకుముక్క ఆనించి ఆకు కత్తిరించేది, తంబాకు పోసి చుట్టేది, దారంతో బిగించేది. తలెత్తకుండానే హిందీ డైలాగులు మాకు తెలుగులో చెప్పేది. కట్టకు ఇరవయ్యైదు బీడీలు. శక్తిమాన్ అయిపోయేసరికి రెండు కట్టలు పక్కన పడేవి. విలన్ తమ్రాజ్ కిల్విష్ "అంధేరా కాయమ్ రహే" అన్నప్పుడు మాత్రం చేతులాగేవి. "చీకటే ఉండాలంటుండు, వాని నోట్ల మన్ను పడ."

ఆ మాట మాకు పనికొచ్చింది. రాత్రి కరెంటు పోగానే వాడ ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకటే అరుపు: "అంధేరా కాయమ్ రహే!" లోపల్నుంచి అమ్మ: "ఎవలు సచ్చిండ్రని ఒర్రుతున్నర్రా!"

జగిత్యాలలో మా పెద్దనాన్న కొడుకు ఇంకో అడుగు ముందుకేశాడు. ప్రహరీ గోడెక్కి, వేలెత్తి, గిరగిరా తిరిగాడు. గదవకు రెండు కుట్లు పడ్డాయి. "వస్తడనుకున్న" అన్నాడట డాక్టరుతో. ఇలాంటివి, ఇంతకన్నా ఘోరమైనవి దేశమంతటా జరుగుతున్నాయని పత్రికలు రాశాయి. చివరికి "నన్ను చూసి ఇవి చేయొద్దు" అని ముకేశ్ ఖన్నాయే తెరమీద చెప్పాల్సి వచ్చింది.

ఆ ఏళ్లలోనే సిరిసిల్ల పేరు పేపర్లలో నేత కార్మికుల ఆత్మహత్యలతో కనబడేది. మామ ఆ పేజీ మడిచి కిటికీలో పెట్టి, టీవీ ముందు చాప పరిచేవాడు.

2020 ఏప్రిల్. లాక్‌డౌన్‌లో దూరదర్శన్ శక్తిమాన్‌ను మళ్లీ వేసింది. సిరిసిల్లలో సాంచలు బందు. మధ్యాహ్నం మామకు ఫోన్ చేస్తే వెనకాల ముకేశ్ ఖన్నా గొంతు ఖంగున వినిపిస్తోంది. కరెంటుంది, సప్పుడు లేదు. కాసేపు మామ నాతో మాట్లాడనే లేదు.

"అల్లుడా," అన్నాడు ఆఖరికి, "అది టాటా కాదురా. పోరగాండ్లకు సుద్దులు చెప్తుండు."