సెకండ్ హ్యాండ్ పికప్ కొంటున్నారా? పనికీ పిల్లలకీ ఒకే బండి అయితే ఇవి చూసుకోండి

మా వారిది షార్జాలో చిన్న ఏసీ మెయింటెనెన్స్ పని. ఇద్దరు హెల్పర్లు, రెండు నిచ్చెనలు, నాలుగు టూల్ బాక్సులు, అద్దె పికప్ ఒకటి. ఆ అద్దె బండిలో ఇంట్లోవాళ్లం ఎక్కడానికి లేదు. పిల్లలతో ఎక్కడికి వెళ్లాలన్నా టాక్సీయే. నెలాఖరుకి అద్దె, టాక్సీ ఖర్చు కలిపి చూస్తే సొంత బండి వాయిదా కంటే ఎక్కువే తేలింది. అలా 2024 వేసవిలో పాత పికప్ వేట మొదలుపెట్టాం. రెండు నెలలు తిరిగి పదకొండు బండ్లు చూశాం. అందులో ఒకటి మా డబ్బంతా ముంచేసేది, అది తర్వాత చెబుతాను. యూఏఈలో ఎలక్ట్రికల్, ప్లంబింగ్, క్యాటరింగ్, కిరాణా సరఫరా లాంటి పనుల్లో మనవాళ్లు చాలామందే ఉన్నారు కాబట్టి, మేం నేర్చుకున్నది రాస్తున్నాను.

ముందు కేబిన్ సంగతి తేల్చుకోండి. మా వారు మొదట సింగిల్ కేబిన్ అన్నారు, ధర తక్కువ, తొట్టి పొడవు. కానీ 2017 జూలై నుంచి ఇక్కడి ట్రాఫిక్ నిబంధనల ప్రకారం పదేళ్ల లోపు పిల్లల్ని, 145 సెంటీమీటర్ల కంటే పొట్టిగా ఉన్నవాళ్లని ముందు సీట్లో కూర్చోబెట్టకూడదు. నాలుగేళ్ల లోపు పిల్లలకి చైల్డ్ సీటు తప్పనిసరి. లేకపోతే 400 దిర్హాముల జరిమానా, లైసెన్సు మీద 4 బ్లాక్ పాయింట్లు. సింగిల్ కేబిన్‌లో వెనక సీటే లేదు. మా పెద్దవాడికి తొమ్మిది, చిన్నదానికి ఐదు. ఇక చర్చే లేదు, డబుల్ కేబిన్. మన ఊళ్లో ట్రాలీ ఆటోలోనో టాటా ఏస్‌లోనో వెనక ఎక్కి పెళ్లికి వెళ్లిన అలవాటు ఇక్కడికి తేకండి. తొట్టిలో మనుషుల్ని ఎక్కించకూడదు.

డబుల్ కేబిన్ అనగానే అన్నీ ఒకటే అనుకోవద్దు. వెనక సీట్లో మీరే ఒక అరగంట కూర్చుని ప్రయాణం చేయండి. చాలా పాత మోడళ్లలో వెనక్కి ఏసీ గాలి వచ్చే వెంట్లు ఉండవు. ఆగస్టులో ముందు కూర్చున్నవాళ్లకి చల్లగా ఉంటే వెనక పిల్లలు చెమటతో తడిసిపోతారు. సీటు వీపు నిటారుగా ఉంటుంది, దూర ప్రయాణంలో నడుము పట్టేస్తుంది. చైల్డ్ సీటు బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు ఉన్నాయా అని సీటు సందులో వేళ్లు పెట్టి వెతకండి. మూడు బెల్టులూ పూర్తిగా లాగి చూడండి. పనివాళ్లే ఎక్కిన బండ్లలో వెనక బెల్టులు సీటు కింద ఇరుక్కుపోయి ఏళ్లు గడిచి ఉంటాయి.

ఆడవాళ్లు కూడా నడిపే ఇల్లయితే గేరు సంగతి మర్చిపోకండి. ఆటోమేటిక్ మీద టెస్టు ఇచ్చి తీసుకున్న లైసెన్సుతో ఇక్కడ మాన్యువల్ బండి నడపకూడదు. నాది ఆటోమేటిక్ లైసెన్సే. చౌకగా దొరికే పని బండ్లలో చాలావరకు మాన్యువల్ గేరువి. ఈ ఒక్క కారణంతో మా పదకొండులో నాలుగు పక్కకి పోయాయి.

బరువు లెక్క ముల్కియాలోనే ఉంది

ముల్కియా వెనకవైపు జీవీడబ్ల్యూ అని ఒక అంకె, ఎంప్టీ వెయిట్ అని ఇంకో అంకె ఉంటాయి. మొదటి దానిలోంచి రెండోది తీసేస్తే బండి మోయగలిగే బరువు వస్తుంది. అందులో మనుషుల బరువు కూడా కలిసే ఉంటుంది, చాలామంది మర్చిపోయేది ఇదే. ఉదాహరణకి జీవీడబ్ల్యూ 2,800 కిలోలు, ఖాళీ బరువు 1,900 అనుకుందాం. తేడా 900. నలుగురు పెద్దవాళ్లు ఎక్కితే దాదాపు 300 పోయింది. నిచ్చెనల ర్యాక్, టూల్స్ ఇంకో 150. మిగిలింది 450. ఒక్కో అవుట్‌డోర్ యూనిట్ యాభై కిలోలు అనుకుంటే తొమ్మిదో యూనిట్ దగ్గర ఆగిపోవాలి. మీ పనిలో మామూలుగా ఎంత బరువు ఎక్కుతుందో రాసుకుని, ఆ తర్వాతే బండి చూడండి. కొందరికి ఈ లెక్క వేశాక పికప్ వద్దు, వ్యాను మేలు అని తేలుతుంది.

ఈ బండ్ల మొదటి యజమానులు చాలావరకు కాంట్రాక్టింగ్ కంపెనీలు. వాళ్లు ఇలా లెక్క చూసి ఎక్కించారని నేననుకోను. అందుకని కిలోమీటర్ల కంటే వెనక స్ప్రింగులు ఎక్కువ నిజం చెబుతాయి. చదునైన చోట బండి ఖాళీగా నిలబెట్టించి దూరంగా పక్కనుంచి చూడండి. ఖాళీ పికప్ వెనక భాగం కొంచెం ఎత్తుగా ఉండాలి. ముందుతో సమానంగానో కిందికో వాలి ఉంటే స్ప్రింగు పట్టీలు అలిసిపోయాయని అర్థం. పట్టీల్లో ఒకటి రంగు తేడాగా, కొత్తగా కనిపిస్తే మధ్యలో అదనపు పట్టీ వేయించారు, అంటే ఓవర్‌లోడ్ కొట్టిన బండే. తొట్టిలో ప్లాస్టిక్ లైనర్ ఉంటే ఎత్తించి, కింద రేకు వంగిందా, వెల్డింగు మచ్చలున్నాయా చూడండి. నడిపేటప్పుడు ఎనభై దాటాక వెనక నుంచి సన్నగా ఊళ పెట్టినట్టు శబ్దం వస్తే డిఫరెన్షియల్ అరిగింది.

వాన నీళ్లలో మునిగిన బండి

2024 ఏప్రిల్ 16 వాన ఇక్కడున్న వాళ్లెవరూ మర్చిపోరు. అల్ ఐన్ ప్రాంతంలోని ఖతమ్ అల్ షక్లాలో ఒక్క రోజు లోపే 254 మిల్లీమీటర్లు పడింది. 1949లో రికార్డులు మొదలైనప్పటి నుంచి ఇంత వాన లేదు. దుబాయ్, షార్జాల్లో రోజుల తరబడి వేల బండ్లు నీళ్లలో ఉండిపోయాయి. వాటిలో కొన్ని తుడిచి, ఆరబెట్టి, మళ్లీ మార్కెట్‌లోకి వచ్చాయి.

మాకు ఎదురైనది అలాంటిదే. జూన్‌లో చూశాం. తెల్ల డబుల్ కేబిన్, అద్దంలా మెరుస్తోంది, ధర మిగతా వాటికంటే పది వేల దిర్హాములు తక్కువ. మా వారు అడ్వాన్స్ ఇవ్వడానికి పర్సు తీశారు కూడా. నేను వెనక సీటు బెల్టు చివరిదాకా లాగాను. లోపల చుట్టుకుని ఉన్న భాగంలో అడ్డంగా ఒక మట్టి గీత, దాని కింద గుడ్డ గట్టిపడి ఉంది. అమ్మే మనిషి పిల్లలు టీ ఒలకబోశారన్నాడు. బెల్టు రీలు లోపలికి టీ ఎలా పోతుంది? బానెట్ తెరిపించి ఫ్యూజు బాక్సు మూత తీశాం. పిన్నుల మీద లేత ఆకుపచ్చ పొడి. కెమిస్ట్రీ చదివినదాన్ని, రాగి తుప్పు రంగు నాకు తెలుసు. పైన పటారం లోన లొటారం అంటారే, అదే. ఏమీ మాట్లాడకుండా వచ్చేశాం. టాక్సీలో మా వారు చాలాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. అది మా ఐదేళ్ల పొదుపు మరి.

మునిగిన బండి వెంటనే ఆగిపోదు. నీళ్లు ఆరినా ఉప్పు, బురద కనెక్టర్లలో ఉండి నెమ్మదిగా తింటుంటాయి. ఆర్నెల్ల తర్వాత ఒకరోజు ఏబీఎస్ దీపం, ఇంకోరోజు ఎయిర్‌బ్యాగ్ దీపం. పిల్లలు ఎక్కే బండిలో పనిచేయకూడని రోజున పనిచేయడం మానేసేవి ఇవే. అందుకని బెల్టులు లాగండి, కాళ్ల కింద కార్పెట్ మూల ఎత్తి ముక్కు పెట్టి వాసన చూడండి, సీటు కింద బోల్టుల తుప్పు చూడండి, వెనక సీటు కింద జాకీ పెట్టే అర తెరవండి. లోపల సెంటు మరీ ఘాటుగా కొట్టి ఉంటే అదీ అనుమానించాల్సిందే. పాసింగ్ అయింది కదా అని ధైర్యపడొద్దు. ఏటా చేసే పాసింగ్ రోడ్డు మీద తిరగడానికి బండి సరిపోతుందా అనే చూస్తుంది. కొనే ముందు తస్జీల్ లాంటి టెస్టింగ్ సెంటర్లలో సమగ్ర తనిఖీ వేరుగా చేయిస్తారు, కొన్ని వందల దిర్హాములు అవుతుంది. అమ్మేవాడు దానికి ఒప్పుకోకపోతే ఆ బండి వదిలేయండి.

అమెరికా నుంచి వచ్చిన బండ్లు

ఫోర్డ్ ఎఫ్-150 లాంటి పెద్ద పికప్‌లు తక్కువ ధరకి కనిపిస్తే అవి తరచుగా అమెరికా వేలంలో కొని తెచ్చినవి. మీటరు మైళ్లలో ఉండొచ్చు. గల్ఫ్ కోసం తయారైన వాటిని ఇక్కడ జీసీసీ స్పెక్ అంటారు, వాటిలో రేడియేటర్, ఏసీ ఈ ఎండకి తగ్గట్టు ఉంటాయి. ఛాసిస్ నంబరు 1, 4, 5 అంకెల్లో దేనితోనైనా మొదలైతే బండి అమెరికాలో తయారైంది. థాయ్‌లాండ్ టయోటాలు ఎంఆర్ అక్షరాలతో మొదలవుతాయి. అమెరికాలో తయారైనంత మాత్రాన చెడ్డదని కాదు, గల్ఫ్ కోసం అక్కడ తయారైనవీ ఉన్నాయి. కానీ అక్కడి రోడ్ల మీద తిరిగి వచ్చిన బండి అయితే కార్‌ఫ్యాక్స్ రిపోర్టు తీసి, సాల్వేజ్ అని ఉందేమో చూడాలి. ఇక్కడ పోలీసులు నమోదు చేసిన ప్రమాదాలైతే ఎమిరేట్స్ వెహికల్ గేట్ సైటులో ఛాసిస్ నంబరు కొట్టి చూడవచ్చు.

ఒక చిన్న చిట్కా, అది పనిచేయని చోటు కూడా చెబుతాను. డెంటు పడి పుట్టీ పెట్టిన చోట అయస్కాంతం అతుక్కోదు, అందుకని నేను ఫ్రిజ్ మ్యాగ్నెట్ ఒకటి బ్యాగులో వేసుకుని తిరిగాను. అయితే 2015 మోడల్ నుంచి ఎఫ్-150 బాడీ అల్యూమినియం. దానికి ఎక్కడ పెట్టినా అతుక్కోదు, కంగారు పడకండి.

ఎండ, రబ్బరు, బ్యాటరీ

ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే రసాయన చర్య వేగం సుమారుగా రెట్టింపు అవుతుందని డిగ్రీలో చదువుకున్నాం. ఇక్కడి బ్యాటరీలు రెండేళ్లకే ఎందుకు పోతాయో, రబ్బరు పైపులు ఎందుకు పగుళ్లిస్తాయో దానితోనే అర్థమవుతుంది. బండి చూడ్డానికి మధ్యాహ్నం రెండింటికే వెళ్లండి, కానీ ఇంజిన్ స్టార్ట్ చేసి ఉంచొద్దని ముందే చెప్పండి. బానెట్ మీద చేయి పెడితే తెలుస్తుంది, ఎండ వేడి అంతటా ఒకేలా ఉంటుంది, ఇంజిన్ వేడి మధ్యలో ఉంటుంది. చల్లటి ఇంజిన్ స్టార్ట్ అయిన మొదటి పది సెకన్ల శబ్దమే వినాలి. ఏసీని బండి నడుస్తున్నప్పుడు కాదు, నిలబెట్టి పది నిమిషాలు చూడండి. కదిలితే చల్లగా, ఆగితే వేడిగా వస్తే ఫ్యానో కండెన్సరో చూపించుకోవాలి. ఇది మా వారి వృత్తి కాబట్టి మేం మోసపోలేదు.

టైరు మీద డాట్ అని ఉన్న వరుసలో చివరి నాలుగు అంకెలు తయారీ తేదీ. 2321 అంటే 2021లో 23వ వారం. అరిగిన టైర్లతో పట్టుబడితే 500 దిర్హాములు, 4 పాయింట్లు, వారం రోజులు బండి స్వాధీనం. సైజు పక్కన లోడ్ ఇండెక్స్ కూడా చూడండి. 112 అంటే ఒక టైరు 1,120 కిలోలు మోస్తుంది. కొందరు అమ్మేముందు చౌక కారు టైర్లు వేసి కొత్త టైర్లు అంటారు.

మాలాగా గ్యాస్ సిలిండర్లు మోసేవాళ్లకి ఒక మాట. ఏసీ గ్యాస్ సిలిండర్ల మీద 52 డిగ్రీలు దాటనివ్వొద్దని రాసి ఉంటుంది. ఎండలో ఆపిన కేబిన్ లోపల వేడి అంతకు మించిపోతుంది. పిల్లల సీటు పక్కన ఒక్క పూట కూడా పెట్టొద్దు. పని అయ్యాక వాటిని స్టోరులో దించేశాకే బండి ఇంటికి రావాలని మా ఇంట్లో ఒప్పందం.

కాగితాలు

బ్యాంకు లోన్‌తో కొనేటట్టయితే సెంట్రల్ బ్యాంకు నిబంధన ప్రకారం కనీసం 20 శాతం మీరు చేతి నుంచి పెట్టాలి, గడువు ఐదేళ్లకి మించదు. అమ్మేవాళ్ల మీద లోన్ ఉంటే బ్యాంకు క్లియరెన్స్ లెటర్ వచ్చేదాకా డబ్బు పూర్తిగా ఇవ్వకండి. కంపెనీ పేరు మీదున్న బండి అయితే ట్రేడ్ లైసెన్స్ కాపీతో సంతకం పెట్టే అధికారం ఉన్న మనిషి రావాలి, డ్రైవరు వస్తే చాలదు. మీ పేరు మీద రిజిస్టర్ అవుతుందా, మీ ట్రేడ్ లైసెన్స్ మీద చేయించాలా అన్నది ముల్కియా కాపీ చూపించి కౌంటర్‌లో ముందే అడగండి. ఇన్సూరెన్స్ పాలసీలో వాడకం ఏమని రాశారో చదవండి. సొంత వాడకం అని రాయించి సరుకు మోస్తూ ప్రమాదమైతే క్లెయిమ్ దగ్గర గొడవ వస్తుంది. వాన, వరద నష్టం కూడా కలుపుతారా అడగండి. జరిమానాలన్నీ కట్టేస్తేనే బదిలీ అవుతుంది, అవి అమ్మేవాళ్ల బాధ్యతని మాట ముందే అనుకోండి.

చివరికి మేం తీసుకున్నది 2016 హైలక్స్, 2.7 పెట్రోల్, ఆటోమేటిక్, లక్షా తొంభై వేల కిలోమీటర్లు. యజమాని చేతే ఏజెన్సీలో సర్వీస్ చరిత్ర తీయించాం. వెనక స్ప్రింగులు కాస్త వాలాయి, ఆ మేరకు ధర తగ్గించి షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో మార్పించుకున్నాం. ఇంటికి తెచ్చాక ఒకటి మర్చిపోయామని తెలిసింది, మా బిల్డింగ్ పార్కింగ్ ఎత్తు 2.1 మీటర్లు. నిచ్చెనల ర్యాక్‌తో బండి లోపలికి పోలేదు. ఇప్పుడది విప్పి తగిలించుకునే ర్యాక్. మీరు కొనే ముందు టేపు పట్టుకుని మీ పార్కింగ్ కొలవండి, పొడవు కూడా. డబుల్ కేబిన్ ఐదు మీటర్లు దాటుతుంది.