ఉద్దానం నుండి కలకత్తా మైదానానికి

పలాస, టెక్కలి, ఉద్దానం ప్రాంతాల ప్రయాణ చరిత్రను పరిశీలించేవారు మొదట దూరాల లెక్కను చూడాలి. పలాస నుండి హౌరాకు రైలు మార్గం సుమారు 680 కిలోమీటర్లు కాగా, అదే స్టేషన్ నుండి విజయవాడ మీదుగా సికింద్రాబాదుకు సుమారు 870 కిలోమీటర్లు ఉంటుంది. అందువల్ల 1956లో హైదరాబాదు ఆంధ్రప్రదేశ్ రాజధాని అయిన తరువాత కూడా, సముద్రానికీ మహేంద్రగిరి శ్రేణికీ నడుమ కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో నిండిన ఇసుకనేల అయిన ఉద్దానానికి, విశాఖపట్నాన్ని మించిన నగరాన్ని చూడాలంటే కలకత్తాయే దగ్గర. ఈ ప్రాంతపు మనిషి ఒకే రోజున నగరం చూసి, సాయంత్రం ఫుట్‌బాల్ ఆట కూడా చూడగలిగే అవకాశాన్ని చాలాకాలం ఆ ఉత్తరపు దారే ఇచ్చింది.

రైలు కంటే ముందు ఇక్కడివారి దూరప్రయాణం ఓడ మీద సాగేది. గోపాల్‌పూర్, కళింగపట్నం, విశాఖపట్నం రేవుల నుండి ఆవిరి ఓడల డెక్కు మీద, అంటే పైకప్పు లేని చౌక తరగతిలో, వేలాదిమంది తెలుగు కూలీలు రంగూనుకు వెళ్లి రేవులోనూ బియ్యం మిల్లుల్లోనూ పనిచేశారు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూను నివాసుల్లో సగానికి మించి భారతీయులే ఉన్నారంటే ఆ వలస ఎంతటిదో తెలుస్తుంది. 1941 డిసెంబరులో జపాను విమానాలు రంగూను మీద బాంబులు వేయడంతో ఆ రాకపోకలు చెదిరిపోగా, 1960లలో బర్మా నుండి తిరిగివచ్చినవారికి ఆశ్రయమిచ్చిన చోటు విశాఖపట్నంలో నేటికీ బర్మా క్యాంపు అనే పేరుతోనే ఉంది.

భూమార్గాన్ని తెరచింది 1893–96 నడుమ నిర్మించిన ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే. అందులో వాల్తేరుకు ఉత్తరాన ఉన్న భాగం 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వే, అనగా జనం నోట బి.ఎన్.ఆర్., చేతికి వచ్చింది. అంతకు రెండేళ్ల ముందే, 1900లో, టెక్కలి పక్కనున్న ఉప్పుకొటార్ల ఊరు నౌపడ నుండి పర్లాకిమిడికి సంస్థానంవారి చిన్న రైలు నడవడం ప్రారంభమైనందున, కొండదాపు గ్రామాలవారికి కూడా హౌరా దారి అందింది. పరిపాలనపరంగా ఈ ప్రాంతం 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు గంజాం జిల్లాలోనూ, ఆ తరువాత విశాఖపట్నం జిల్లాలోనూ ఉండి, 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లాలో చేరింది. ఎల్లలు ఇలా రెండుసార్లు మారినా, పనికోసం వెళ్లేవారి రైలు మాత్రం మారలేదు. హుగ్లీ ఒడ్డున టీటాగఢ్ వంటి చోట్ల జనపనార మిల్లులు, ఖరగ్‌పూర్‌లో బి.ఎన్.ఆర్. వర్క్‌షాపు ఈ తీరపు తెలుగువారికి జీతమిచ్చాయి. నగర దర్శనం ప్రత్యేకమైన విహారంగా కాక, కొడుకునో బావమరిదినో చూడబోయిన ప్రయాణంలో ఒక భాగంగా ఇక్కడివారికి అలవాటైందని భావించడానికి ఇదే ఆధారం.

అటువంటి ప్రయాణికుడి దినచర్య ఎలా సాగగలిగేదో నగరపు అమరికను బట్టి చెప్పవచ్చు. రాత్రి పలాసలో రైలెక్కినవాడు మరునాడు హౌరాలో దిగి, 1943కు ముందైతే పడవల మీద నిలిపిన పాత వంతెన మీదుగా, ఆ తరువాత నేటి ఉక్కు వంతెన మీదుగా నదిని దాటి, గంగాస్నానం, కాళీఘాట్ దర్శనం ముగించుకొని, 1876 నుండి ఉన్న అలీపూర్ జంతుప్రదర్శనశాలను, బెంగాలీలు జాదూఘర్ అని పిలిచే చౌరంగీలోని పురావస్తుశాలను చూసేవాడు. ఆ పురావస్తుశాల ఎదుటనే మైదాన్, అంటే ఫోర్ట్ విలియం కోట చుట్టూ తుపాకీ గుండ్లకు అడ్డులేకుండా వదిలిన విశాలమైన బయలు, ఉంది. ఫుట్‌బాల్ క్లబ్బుల కంచె వేసిన ఆటస్థలాలు అక్కడే ఉండేవి. టికెట్టు దొరకనివారు కోటగట్టు వాలు మీద నిలబడియో, అద్దాలు అమర్చిన అట్టగొట్టాలను తలలపైకి ఎత్తియో ఆటను చూసేవారు. డబ్బులేనివాడిని కూడా పూర్తిగా వెళ్లగొట్టని ఈ ఏర్పాటు కలకత్తా ఫుట్‌బాల్‌కు గొప్ప గుణం.

ఆ మైదాన్‌లోనే 1911 జులై 29న మోహన్ బగాన్ జట్టు, పదిమంది వట్టికాళ్లతో ఆడి, ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్ అనే బ్రిటిష్ సైనిక జట్టును 2–1తో ఓడించి ఇండియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్ (ఐ.ఎఫ్.ఎ.) షీల్డును గెలిచింది. దూరాన ఉన్న జనానికి గోల్స్ లెక్కను గాలిపటాల మీద రాసి ఎగురవేశారు. కూలీలను మోసుకొచ్చిన రైల్వే కూడా ఇక్కడ ఆటగాడే. బి.ఎన్.ఆర్. పేరుతో ఒక జట్టు కలకత్తా లీగులో ఆడుతుండగా, 1955లో ఆ రైల్వే ఆగ్నేయ రైల్వే అయిన తరువాత కూడా జట్టు పాత పేరుతోనే కొనసాగింది. ఆ జట్టు ముందువరుసలో ఆడిన అప్పలరాజు, 1964లో ఇజ్రాయెల్‌లో జరిగిన ఆసియా కప్‌లో దక్షిణ కొరియాపై భారత్ తరఫున గోల్ చేశాడు. భారత్ ఆ పోటీలో రెండో స్థానం పొందింది. సింహాచలం అప్పన్న దేవుడి పేరు పెట్టుకున్న ఒక ఆటగాడు, తెలుగు కూలీలను హౌరా చేర్చిన రైల్వే జట్టు నుండి ఎదిగి ఆసియా వేదిక మీద గోల్ చేయడం ఈ తీరపు చరిత్రకారులు విస్మరించరాని విషయం.

పరదేశపు జట్టును చూడడానికి పేరుమోసిన రోజు 1977 సెప్టెంబరు 24. ఆ శనివారం ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఉన్న న్యూయార్క్ కాస్మోస్ క్లబ్బుతో మోహన్ బగాన్ తలపడి 2–2తో సమం చేసింది. వానకు బురదైన నేలపై మోహన్ బగాన్ గోల్స్‌లో ఒకటి శ్యామ్ థాపా, మరొకటి హైదరాబాదు నుండి కలకత్తాకు వెళ్లి ఆడిన మహమ్మద్ హబీబ్ చేశారు. ఆ తరువాత 2011 సెప్టెంబరు 2న సాల్ట్ లేక్ స్టేడియంలో అర్జెంటీనా, వెనెజులాపై 1–0తో గెలిచిన మ్యాచ్‌లో మెస్సీ మొదటిసారి తన దేశానికి నియమిత కెప్టెన్‌గా ఆడాడు.

తెలుగువారి ఫుట్‌బాల్ చరిత్ర అనగానే కోచ్ రహీమ్, ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ పోలీసు జట్టు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ పొందిన నాలుగో స్థానం గుర్తుకు వస్తాయి. ఆ గౌరవం న్యాయమైనదే. అయితే దాని పక్కన ఉత్తర తీరపు కథ కూడా ఉండాలి. ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలోనూ, టీటాగఢ్ మిల్లుల వాడల్లోనూ, పలాస–కాశీబుగ్గ, మందస, వజ్రపుకొత్తూరు, కవిటి ఇళ్లలోనూ మిగిలిన పాత టికెట్లు, ఫొటోలు, వృద్ధుల జ్ఞాపకాలు పోకముందే, జిల్లాలోని కళాశాలల చరిత్ర శాఖలు వాటిని సేకరించి భద్రపరచాలి.